బ్యాంకాక్‌లో నాలుగు రోజులు: ఏం చూడాలి, ఎక్కడ మోసపోతారు

హైదరాబాద్ నుంచి విమానంలో మూడున్నర గంటలు. వీసా బెడద పెద్దగా లేదు. అందుకే మొదటిసారి దేశం దాటే మన కుటుంబాలు, కుర్రాళ్ల బృందాలు ముందు బ్యాంకాక్‌కే టికెట్ తీస్తున్నారు. తీశాక అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. ఎయిర్‌పోర్టు నుంచి ఎలా వెళ్లాలి? డబ్బు ఎక్కడ మార్చుకోవాలి? మోసాలు ఎక్కువంటున్నారు, నిజమేనా? శాకాహారం దొరుకుతుందా? వాటికి వరుసగా జవాబులు ఇవి. పట్టాయా, ఫుకెట్‌ల సంగతి ఇందులో లేదు. నగరం, దానికి దగ్గర్లోని పాత రాజధాని అయుత్థయ మాత్రమే, నాలుగు రోజులకు.

బ్యాంకాక్‌లో పర్యాటకుణ్ణి బెదిరించి లాక్కునేవాళ్లు తక్కువ. నవ్వుతూ మాట్లాడి, మన చేతే పర్సు తీయించేవాళ్లు ఎక్కువ. కాబట్టి కింద ఎన్ని జాగ్రత్తలు రాసినా వాటి వెనక ఉన్న నియమం ఒక్కటే: మీరు వెళ్లి అడిగిన మనిషి చెప్పింది వినండి, తనంతట తానే మీ దగ్గరికొచ్చి పలకరించిన మనిషి చెప్పింది వినకండి. దారి తెలియకపోతే సెవెన్ ఎలెవెన్ కొట్లోకి వెళ్లి అడగండి. ఆ కొట్టు లేని వీధి దాదాపు ఉండదు.

బయల్దేరే ముందు దగ్గర ఉండాల్సినవి

- పాస్‌పోర్టు. థాయ్‌లాండ్‌లో దిగే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.
- వీసా నియమం. 2024 జూలై నుంచి భారతీయులకు 60 రోజుల దాకా వీసా మినహాయింపు ఇచ్చారు. ఈ నిబంధనలను తరచూ మారుస్తుంటారు. టికెట్‌కి డబ్బు కట్టే రోజునే థాయ్ రాయబార కార్యాలయం సైట్‌లో ఒకసారి చూసుకోండి.
- టీడాక్ అనే డిజిటల్ అరైవల్ కార్డు. 2025 మే 1 నుంచి తప్పనిసరి. దీని సంగతి మొదటి అంచెలో.
- తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాల మీద ప్రింటు తీసినవి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజే అధికారి అడుగుతాడు.
- ఒక్కొక్కరి దగ్గర 20,000 బాత్‌లకు సమానమైన డబ్బు చూపగలిగేలా ఉంటే నిశ్చింత. అందరినీ అడగరు, అడిగితే మాత్రం చూపాలి. బాత్ విలువ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది.
- రెండు కార్డులు, వేర్వేరు బ్యాంకులవి. విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.
- ప్లగ్ అడాప్టర్. మన సన్న రెండు గుండ్రటి పిన్నుల చార్జర్ అక్కడ నేరుగా పడుతుంది. మూడు లావు పిన్నులది పట్టదు. కరెంటు 220 వోల్టులే కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు.
- భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కనీసం ఒక జత, విప్పి తొడుక్కోవడానికి సులువైన చెప్పులు.
- రోజూ వేసుకునే మందులు, వాటి డాక్టరు చీటీ. ప్రయాణ బీమా.

ఇంట్లోనే వదిలేయాల్సినది ఒకటుంది: ఈ-సిగరెట్, అంటే వేప్. థాయ్‌లాండ్‌లో వేప్ తేవడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. భారీ జరిమానా, జైలు దాకా వెళ్లవచ్చు. బజార్లో బహిరంగంగా అమ్ముతున్నారు కదా అనుకోకండి. అమ్మేవాడి దగ్గర కొని నాలుగడుగులు వేశాక మిమ్మల్ని ఆపేవాళ్లుంటారు.

ఏ నెలలో వెళ్లాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మేలు. అయితే జనవరి, ఫిబ్రవరుల్లో గాలిలో దుమ్ము బాగా పెరుగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు మాస్కులు పట్టుకెళ్లండి. ఏప్రిల్ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు, పైగా ఉక్క. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాన కురిస్తే రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి.

1. టీడాక్ నింపండి, ఉచితంగానే

దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు, అంతకంటే ముందు కుదరదు. రుసుము ఒక్క పైసా లేదు. వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డబ్బు అడుగుతాయి. అసలు సైట్ చిరునామా ఇమ్మిగ్రేషన్ డాట్ జీవో డాట్ టీహెచ్ అని ముగుస్తుంది. కార్డు నంబర్ అడిగిందంటే మీరు తప్పు చోట ఉన్నారు.

తరచూ దొర్లే పొరపాట్లు మూడు. ఇంటిపేరు, అసలు పేరు తారుమారు చేయడం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, అది ఎలా ఉంటే అలాగే ఇవ్వండి. రెండోది అర్ధరాత్రి దాటాక దిగే విమానానికి ముందు రోజు తేదీ వేయడం. మూడోది పిల్లలకు నింపకపోవడం. చంటిబిడ్డకైనా విడిగా ఉండాలి.

సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది: మీ మెయిల్‌కి క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం వస్తుంది. అది రాకపోతే పని పూర్తి కానట్టే.

2. హోటల్‌ని రైలు పక్కన తీసుకోండి

బ్యాంకాక్‌లో దూరం కిలోమీటర్లలో లెక్కపెట్టి లాభం లేదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు కారులో ఐదు కిలోమీటర్లకు గంట పట్టినా ఆశ్చర్యపోకండి. అందుకే బీటీఎస్ అనే ఆకాశ రైలు లేదా ఎంఆర్‌టీ మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉన్న హోటలే తీసుకోవాలి. 500 రూపాయలు తక్కువని దూరంగా తీసుకుంటే అది టాక్సీల్లోనే పోతుంది.

కుటుంబంతో వెళ్తే ఫాయా థాయ్, రాచతేవి ప్రాంతాలు మంచి ఎంపిక. ఎయిర్‌పోర్టు రైలు నేరుగా అక్కడికే వస్తుంది. ప్రతునామ్‌లో భారతీయ హోటళ్లు, హోల్‌సేల్ బట్టల మార్కెట్ ఉండటంతో మనవాళ్లంతా అక్కడే దిగుతారు. తిండికి బాగుంటుంది గానీ బీటీఎస్ స్టేషన్ కాస్త దూరం, ట్రాఫిక్ భయంకరం. సుఖుంవిత్‌లో అసోక్ స్టేషన్ దగ్గర రెండు రైలు మార్గాలు కలుస్తాయి, అది సౌకర్యం. దాని పక్కనే ఉన్న నానా స్టేషన్ చుట్టూ రాత్రిపూట బార్ల సందడి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే అక్కడ వద్దు.

చెక్ ఇన్ చేసేటప్పుడు చాలా హోటళ్లు డిపాజిట్ అడుగుతాయి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. గది ఖాళీ చేసే రోజు అది చూపకపోతే వాదన మొదలవుతుంది. హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో ఉన్న కార్డు ఒకటి కౌంటర్‌లో అడిగి పర్సులో పెట్టుకోండి.

3. ఎయిర్‌పోర్టులో మొదటి గంట

మీ విమానం సువర్ణభూమిలో దిగుతుందా, డాన్ మువాంగ్‌లోనా అన్నది టికెట్‌లో చూడండి. రెండూ నగరానికి చెరో వైపు ఉన్నాయి. వచ్చింది ఒకదానికి, తిరుగు ప్రయాణం ఇంకోదాని నుంచి అయి, అది గమనించక విమానం తప్పినవాళ్లుంటారు.

ఇమ్మిగ్రేషన్‌లో ముద్ర వేయగానే కౌంటర్ వదలకుండా ఆ ముద్ర చదవండి. ఏ తేదీ దాకా ఉండవచ్చో అందులో ఉంటుంది. తప్పు పడితే అక్కడే, అప్పుడే చెప్పాలి.

డబ్బు: సామాను తీసుకునే చోట, బయటికి రాగానే ఎదురయ్యే కౌంటర్లలో రేటు తక్కువ. సువర్ణభూమిలో అయితే అన్నిటికంటే కింది అంతస్తుకు, ఎయిర్‌పోర్టు రైలు స్టేషన్ ఉన్న చోటికి దిగండి. అక్కడ సూపర్ రిచ్ వంటి చిన్న కౌంటర్లు వరసగా ఉంటాయి, రేటులో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పాస్‌పోర్టు చూపాలి. రూపాయలు కూడా తీసుకుంటారు గానీ డాలర్లకే రేటు మెరుగు, అందులోనూ ముడతలు లేని 100 డాలర్ల నోట్లకు. మన దేశం నుంచి రూపాయి నోట్లు మనిషికి 25,000 దాటి, విదేశీ నగదు 3,000 డాలర్లు దాటి తీసుకెళ్లకూడదని గుర్తుంచుకోండి. నోట్లు కౌంటర్ ముందే లెక్కపెట్టుకోండి. పక్కకు జరిగాక చెప్పే లెక్క చెల్లదు.

ఏటీఎంలో తీస్తే ఆ బ్యాంకు ప్రతిసారీ 220 బాత్‌లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ కోస్తుంది. మూడుసార్లు కొంచెం కొంచెం తీయడం కన్నా ఒకేసారి తీయడం మేలు. తెర మీద రూపాయల్లో మార్చి ఇవ్వమంటారా అని అడుగుతుంది. వద్దని నొక్కండి, బాత్‌లలోనే వసూలు కానివ్వండి. రూపాయల్లో అంటే ఆ యంత్రం తనకు నచ్చిన రేటు వేసుకుంటుంది. కొట్లలో కార్డు గీకేటప్పుడూ ఇదే.

వీధి బండ్ల మీద కనిపించే క్యూఆర్ కోడ్‌లు అక్కడి బ్యాంకు ఖాతాలున్నవాళ్ల కోసం. కాబట్టి 20, 50, 100 బాత్‌ల నోట్లు ఎప్పుడూ చేతిలో ఉండాలి. 1,000 నోటు మార్చుకోవాలంటే సెవెన్ ఎలెవెన్‌లో నీళ్ల సీసా కొనండి.

4. నగరంలోకి

రైలు: సువర్ణభూమి కింది అంతస్తు నుంచి ఎయిర్‌పోర్టు రైల్ లింక్ ఫాయా థాయ్‌కి అరగంటలోపు చేరుస్తుంది, టికెట్ 45 బాత్‌లు. ఉదయం ఐదున్నర ప్రాంతం నుంచి అర్ధరాత్రి దాకా నడుస్తుంది. సుఖుంవిత్ వైపు వెళ్లేవాళ్లు మక్కాసన్‌లో దిగి ఎంఆర్‌టీకి మారవచ్చు. నలుగురు మనుషులు, నాలుగు పెట్టెలు ఉంటే టాక్సీయే లాభం.

టాక్సీ: బయటికి రాగానే చుట్టుముట్టి టాక్సీ, టాక్సీ అనేవాళ్లను దాటుకుని మొదటి అంతస్తుకు వెళ్లండి. అక్కడ యంత్రం బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద ఉన్న నంబర్ గల వరసలో మీ కారు ఉంటుంది. ఆ చీటీ డ్రైవర్ అడిగినా ఇవ్వకండి. గొడవ వస్తే అదొక్కటే ఆధారం. మీటర్ 35 బాత్‌ల దగ్గర మొదలవ్వాలి. దాని మీద ఎయిర్‌పోర్టు రుసుము 50 బాత్‌లు, ఎక్స్‌ప్రెస్ దారిలో వెళ్తే టోల్ మీరే కట్టాలి. ఈ రెండూ మోసం కాదు, నియమమే. ఇన్ని కలిపినా మామూలు ట్రాఫిక్‌లో నగరం మధ్యకు 300 నుంచి 450 బాత్‌లు అవుతుంది.

మీటర్ పాడైంది, 800 ఇవ్వండి అంటే దిగిపోండి. వాదించకండి, గొంతు పెంచకండి. అక్కడ కోపం చూపిస్తే పని చెడుతుంది. వెనక పది టాక్సీలుంటాయి.

యాప్: కారు పిలవడానికి గ్రాబ్, బోల్ట్ రెండూ ఇంటి దగ్గరే ఫోన్‌లో పెట్టుకుని, ఓటీపీ ఇక్కడి నంబర్‌కి తెప్పించుకోండి. అక్కడికెళ్లి కొత్త సిమ్ వేశాక ఓటీపీ రాక ఇబ్బంది పడతారు. ఎక్కే ముందు బండి నంబర్ సరిపోల్చుకోండి.

డాన్ మువాంగ్‌లో దిగితే రెడ్ లైన్ రైలు, లేదా మో చిత్ బీటీఎస్‌కి వెళ్లే ఏ1 బస్సు ఉన్నాయి. బస్సు టికెట్ 30 బాత్‌లు.

5. ఊళ్లో తిరగడం

ఎంఆర్‌టీలో మన వీసా, మాస్టర్ కాంటాక్ట్‌లెస్ కార్డు గేటుకు ఆనిస్తే చాలు. దిగేటప్పుడూ అదే కార్డు ఆనించాలి. కార్డు బదులు అదే ఖాతా ఉన్న ఫోన్ ఆనిస్తే వేరే ప్రయాణంగా లెక్కేస్తుంది. బీటీఎస్ వేరే సంస్థ. అక్కడ ముందే డబ్బు వేసుకునే రాబిట్ కార్డు లేదా ఒక్క ప్రయాణపు టికెట్ తీసుకోవాలి. రాబిట్ కార్డుకి పాస్‌పోర్టు చూపించాలి. రైళ్లలో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లు కూడా.

నదిలో తిరిగే చావ్ ఫ్రాయా ఎక్స్‌ప్రెస్ పడవలు పాత నగరానికి అన్నిటికన్నా మంచి దారి. సఫాన్ తక్సిన్ బీటీఎస్ దిగితే కిందనే సాథోర్న్ రేవు. నారింజ జెండా పడవ టికెట్ ఎంత దూరమైనా 16 బాత్‌లే. రేవులో గట్టిగా పిలిచి అమ్మేది నీలం జెండా పర్యాటక పడవ టికెట్. అది మోసం కాదు గానీ చాలా రెట్లు ఎక్కువ. నారింజ జెండా అని అడగండి. పడవలో భిక్షువులకు కేటాయించిన చోట నిలబడవద్దు. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, చేతికి చేయి తగిలేలా ఏదీ అందించకూడదు.

టుక్‌టుక్‌లో మీటర్ ఉండదు. సరదాకి ఒకసారి ఎక్కండి, ధర ముందే మాట్లాడుకుని, నేరుగా ఒకే చోటికి. ఊరంతా తిప్పుతాను, 20 బాత్‌లు చాలు అన్నాడంటే పెట్రోలు డబ్బు ఇంకెవరో ఇస్తున్నారని అర్థం. ఆ ఇంకెవరో ఒక నగల కొట్టువాడో, దర్జీయో.

రోడ్డు దాటేటప్పుడు మనలాగే ఎడమ పక్క ట్రాఫిక్. జీబ్రా గీతల మీద బండి ఆగుతుందని నమ్మకండి, పైవంతెన వాడండి. మోటార్ సైకిళ్లు ఫుట్‌పాత్ మీదకీ వస్తాయి. అద్దె స్కూటర్ జోలికి పోకండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

6. పాత నగరం: ఈ రోజును జాగ్రత్తగా గడపండి

యాత్ర మొత్తానికి విలువైన రోజు ఇదే, మోసాలు జరిగేదీ ఈ రోజే.

గ్రాండ్ ప్యాలెస్ ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకు టికెట్లు ఆపేస్తారు. ఎనిమిదింబావుకే గేటు దగ్గర ఉండండి. పదింటికి టూరిస్టు బస్సులు, ఎండ రెండూ కలిసి దిగుతాయి. పడవలో అయితే థా చాంగ్ రేవు, మెట్రోలో అయితే సనమ్ చై స్టేషన్ నుంచి పావుగంట నడక. టికెట్ 500 బాత్‌లు.

గేటుకు కాస్త దూరంలో నీటుగా బట్టలేసుకున్న ఒకాయన, మెడలో ఏదో కార్డు వేలాడుతూ, చక్కటి ఇంగ్లిషులో చెబుతాడు: ఈరోజు ప్యాలెస్ మూత, బౌద్ధ పండుగ, మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుస్తారు. ఈలోగా వేరే గుళ్లు చూసి రండి, ఇదిగో టుక్‌టుక్. ఆ గుళ్ల మధ్యలో నగల కొట్టు ఉంటుంది. ప్రభుత్వ సంస్థ అని, ఈ ఒక్కరోజే పన్ను లేదని, ఈ రాళ్లు మీ ఊళ్లో రెట్టింపుకి పోతాయని చెబుతారు. అప్పటికే లోపల ఇంకో పర్యాటకుడు కొంటూ కనిపిస్తాడు, అతనూ వాళ్లవాడే. దశాబ్దాలుగా ఇదే నాటకం, ఇప్పటికీ ఆడుతోంది. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆగకుండా నడిచి, టికెట్ కౌంటర్ దాకా వెళ్లి కళ్లతో చూడండి. రాజ కుటుంబ కార్యక్రమాల వల్ల నిజంగా మూసే రోజులుంటాయి. వాటిని ముందు రోజు రాత్రి ప్యాలెస్ అధికారిక సైట్‌లో చూసుకుంటే రోడ్డు మీద ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

ఎదుటి సనమ్ లువాంగ్ మైదానం దగ్గర పావురాలకు గింజలు వేయమని చేతిలో పొట్లం పెడతారు, తర్వాత డబ్బు అడుగుతారు. చేతులు జేబులో పెట్టుకోండి.

బట్టలు: చేతులు లేని జాకెట్లు, నిక్కర్లు, చిరిగిన జీన్స్, కాళ్లకు అతుక్కునే లెగ్గింగ్స్‌తో లోపలికి పంపరు. మీద చున్నీ కప్పుకుంటే చాలదు. మనవాళ్లకు చుడీదార్, ప్యాంటు చొక్కా సరిపోతాయి. చీరకు అడ్డు లేదు.

వాట్ అంటే గుడి. లోపల వాట్ ఫ్రా కెవ్‌లో ఉన్న మరకత బుద్ధుడి విగ్రహం 66 సెంటీమీటర్లే. ఎత్తైన పీఠం మీద చిన్నగా కనిపిస్తుంది. ఆ మందిరంలో ఫోటోలు నిషేధం, కూర్చుంటే కాళ్లు వెనక్కి మడవాలి. అందరూ దాన్ని చూసి వెళ్లిపోతారు. తెలుగువాళ్లు అసలు ఆగాల్సింది చుట్టూ ఉన్న వసారా గోడల దగ్గర. థాయ్ రామాయణమైన రామకియెన్ 178 చిత్రాలుగా అక్కడ ఉంది. కథ ఉత్తర ద్వారం దగ్గర మొదలై ప్రదక్షిణ దిశలో సాగుతుంది. అడ్డదిడ్డంగా తిరిగితే ఏమీ అర్థం కాదు, ఆ ద్వారం వెతుక్కుని మొదలుపెట్టండి. తోసకంత్ అంటే దశకంఠుడే. హనుమంతుడు మాత్రం మనవాడిలా బ్రహ్మచారి కాదు, సువన్నమచ్ఛ అనే మత్స్యకన్యతో ప్రేమ కథ కూడా ఉంది. నానమ్మలతో వెళ్తే ఆ గోడ దగ్గర కాసేపు చర్చకు సిద్ధంగా ఉండండి.

టికెట్ పారేయకండి. సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా జరిగే ఖోన్ ముసుగు నాట్య ప్రదర్శన ఇదే టికెట్ మీద చూడవచ్చు. ఆ కథ కూడా రామకియెనే. వేళలు కౌంటర్‌లో అడగండి.

అక్కడి నుంచి పది, పదిహేను నిమిషాలు దక్షిణానికి నడిస్తే వాట్ ఫో. టికెట్ 300 బాత్‌లు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. పాదాల అడుగున ముత్యపు చిప్పలతో చేసిన పని దగ్గరగా చూడండి. చెప్పులు సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్తారు. వెనక వరసగా 108 కంచు గిన్నెల్లో నాణేలు వేస్తూ నడుస్తారు. అందరి ధ్యాసా గిన్నెల మీద ఉంటుంది కాబట్టి జేబు దొంగలకు అనువైన చోటు అదే. భుజం సంచి ముందుకు వేసుకోండి. థాయ్ మర్దన నేర్పే బడి ఈ ప్రాంగణంలోనే ఉంది, అక్కడ చేయించుకోవచ్చు.

పక్కనే థా తియెన్ రేవు నుంచి దాటుడు పడవలో వాట్ అరుణ్. టికెట్ 200. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడటం మంచిది. థాయ్ దుస్తులు అద్దెకిచ్చే కొట్లు బయట బోలెడు. ఫోటోగ్రాఫర్ రుసుము అద్దెలో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి. ఈ మూడు టికెట్లు కలిపి మనిషికి 1,000 బాత్‌లు.

ఒక్కరోజులో మూడూ వద్దనుకుంటే వాట్ అరుణ్‌ని సాయంత్రం ఇవతలి ఒడ్డు నుంచి దీపాలతో చూస్తే చాలు, టికెట్ కూడా మిగులుతుంది. ప్రైవేటు పొడవు పడవ మాట్లాడుకుంటే ధర మనిషికా, పడవకా అన్నది ఎక్కకముందే అడగాలి. నది మధ్యలో ఇంకో రుసుము పుట్టుకొస్తుంది.

7. మిగతా రోజులు

శని, ఆదివారాలు కలిసొస్తే చతుచక్ సంత. మో చిత్ బీటీఎస్ లేదా కంఫేంగ్ ఫెత్ ఎంఆర్‌టీలో దిగండి. ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికి బయటపడండి, రేకుల కింద ఉడుకుతుంది. బేరం ఆడవచ్చు, మన కోఠీ స్థాయిలో కాదు. పదో పరకో తగ్గిస్తారు. సంత లేని రోజుల్లో ప్రతునామ్‌లో ప్లాటినం మాల్, మూడు ముక్కలు తీసుకుంటే హోల్‌సేల్ ధర ఇస్తారు.

చిత్ లోమ్ బీటీఎస్ దగ్గర ఎరవాన్ మందిరంలో నాలుగు తలల బ్రహ్మకు పూజలు జరుగుతాయి. మన దగ్గర బ్రహ్మకు గుడి అరుదు కదా, చూసి రండి. సిలోమ్‌లో తమిళులు కట్టిన మహామారియమ్మన్ గుడి ఉంది. సాయంత్రం యావరాట్ చైనా వీధికి వాట్ మాంగ్‌కోన్ ఎంఆర్‌టీలో దిగండి, సోమవారం మాత్రం వద్దు, చాలా బండ్లు పెట్టరు.

నాలుగో రోజు అయుత్థయకు. సుమారు 80 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర, మూడో తరగతి టికెట్ మన ప్యాసింజర్ రైలు ధరే. వాట్ మహాథాట్‌లో చెట్టు వేళ్లలో చిక్కుకున్న బుద్ధుడి తలతో ఫోటో తీసుకోవాలంటే కింద కూర్చోవాలి. మీ తల దానికన్నా పైకి ఉండకూడదు, కాపలావాళ్లు ఒప్పుకోరు. తిరుగు విమానం అదే రోజు రాత్రయితే ఈ ప్రయాణం పెట్టుకోకండి, ఆ రైళ్లు ఆలస్యంగా నడుస్తాయి.

8. తిండి

శాకాహారం అని చెబితే కంటికి కనిపించే మాంసం తీసేస్తారు, అంతే. నామ్ ప్లా అనే చేపల సాస్, కపి అనే రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ అలాగే ఉంటాయి. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్ చూడటానికి పచ్చడిలా ఉన్నా అందులో ఎండు రొయ్యలుంటాయి.

జే అనే మాట నేర్చుకోండి. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని భోజనం అది. పసుపు జెండా మీద ఎర్ర థాయ్ అక్షరం ఉన్న కొట్టు జే కొట్టు. గిన్ జే అంటే జే భోజనం తింటాను అని. మై సై నామ్ ప్లా అంటే చేపల సాస్ వేయొద్దు అని. మాంసాహారులు కూడా రెండు మాటలు తెలుసుకోవాలి: మూ అంటే పంది మాంసం, నువా అంటే ఎద్దు మాంసం. మై ఆవ్ చేరిస్తే వద్దని. ఈ వాక్యాలు థాయ్ లిపిలో హోటల్ వాళ్ల చేత రాయించి ఫోన్‌లో ఫోటో తీసుకుంటే ఉచ్చారణ గొడవే ఉండదు.

ప్రతునామ్, నానా, పాహురాట్‌లలో భారతీయ హోటళ్లున్నాయి. ధర మాత్రం థాయ్ భోజనానికి రెండు మూడింతలు. మాల్ ఫుడ్ కోర్టులు చవక, శుభ్రం. అక్కడ ముందే కార్డులో డబ్బు వేయించుకోవాలి, మిగిలింది అదే రోజు కౌంటర్‌లో వెనక్కి తీసుకోండి. కుళాయి నీళ్లు తాగవద్దు. మామిడిపండు, కొబ్బరిపాల జిగురన్నం నిర్భయంగా తినవచ్చు, దానికోసమే ఒక పూట భోజనం మానేయవచ్చు.

9. చట్టంతో పెట్టుకోవద్దు

రాజును, రాజ కుటుంబాన్ని తక్కువ చేసి మాట్లాడితే మూడు నుంచి 15 ఏళ్ల జైలు. సోషల్ మీడియాలో సరదా పోస్టు కూడా ఇందులోకే వస్తుంది. నోటు కింద పడితే కాలితో తొక్కి ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయ గీతం వస్తే అందరితోపాటు నిలబడండి.

రాత్రి బార్లుండే పత్పాంగ్ వీధి వైపు పై అంతస్తు షోకి 100 బాత్‌లే అని మెనూ చూపించి పిలుస్తారు. దిగేటప్పుడు బిల్లు వేలల్లో, తలుపు దగ్గర ఇద్దరు. పైకి ఎక్కకపోవడమే మందు.

గంజాయి కొట్లు వీధుల్లో కనిపిస్తాయి. 2025 జూన్ నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అక్కడి సంగతి ఎలా ఉన్నా, ఇక్కడికి తేవడం పెద్ద నేరం. బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో హైడ్రోపోనిక్ గంజాయి దొరికిన కేసులు శంషాబాద్‌లో తరచూ నమోదవుతున్నాయి. దాన్ని చాక్లెట్ పొట్లాల్లో, తినుబండారాల డబ్బాల్లో దాచి తెస్తున్నారు. ఎయిర్‌పోర్టులో పరిచయమైన తెలుగువాడైనా సరే, మా వాళ్లకు ఈ సంచి ఇవ్వండి అంటే ముట్టుకోకండి. టికెట్ ఉచితం, హోటల్ ఉచితం, వచ్చేటప్పుడు చిన్న పెట్టె తేవాలి అనే బేరం కూడా ఇదే.

ఉద్యోగం అని పిలిపించి బ్యాంకాక్‌లో దించుకుని, రోడ్డు మార్గాన మే సోత్ సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాలకు అమ్మేసిన కేసుల్లో ఆంధ్ర, తెలంగాణ యువకులు చాలామంది ఉన్నారు. పర్యాటకుడిగా వచ్చి ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. కంపెనీ కారు నగరం దాటి పడమరకు పోతోందంటే జనం ఉన్న చోట దిగిపోండి.

బుద్ధ విగ్రహాలు బయటికి తేవాలంటే లలితకళల శాఖ అనుమతి కావాలి. మెడలో వేసుకునే చిన్న బిళ్లలకు ఇబ్బంది లేదు.

10. ఏదైనా జరిగితే

1155 పర్యాటక పోలీసులు, ఇంగ్లిషులో మాట్లాడతారు. 191 పోలీసు, 1669 అంబులెన్స్. మూడూ ఫోన్‌లో వేసుకోండి. డ్రైవర్‌తోనో కొట్టువాడితోనో పేచీ ముదిరితే 1155 నొక్కి స్పీకర్‌లో పెట్టండి, చాలాసార్లు ఫోన్ మోగుతుండగానే ధర తగ్గుతుంది.

పాస్‌పోర్టు పోతే వరస ఇది: ముందు దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోవాలి. దానితో సుఖుంవిత్ సోయి 23లో ఉన్న భారత రాయబార కార్యాలయానికి వెళ్లి అత్యవసర ప్రయాణ పత్రం కోరాలి. తర్వాత ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో మీరు ఎప్పుడు వచ్చారో కొత్త పత్రం మీద రాయించుకోవాలి. ఈ మూడోది మర్చిపోతే విమానాశ్రయంలో ఆపుతారు. అందుకే పాస్‌పోర్టు మొదటి పేజీ, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ రెండూ ఫోటో తీసి మెయిల్‌లో ఉంచండి. అసలు పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో ఉండవచ్చు, రాబిట్ కార్డుకో, డబ్బు మార్పిడికో వెళ్లే రోజు మాత్రం తీసుకెళ్లాలి.

తిరుగు ప్రయాణం రోజు

విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, సాయంత్రం బయల్దేరితే రోడ్డుకి ఇంకో గంట కలపండి. ఒకే కొట్లో ఒకే రోజు 2,000 బాత్‌లు దాటి కొన్నవాటికి ఏడు శాతం పన్ను వాపసు అడగవచ్చు. ఆ ఫారం కొన్నప్పుడే కొట్లో పాస్‌పోర్టు చూపి తీసుకుని ఉండాలి. వస్తువులు చూపమంటే కష్టం కాబట్టి, పెట్టె చెక్ ఇన్‌లో వేయకముందే కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లి ముద్ర వేయించుకోండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోకి మార్చుకోండి, చెక్ ఇన్ పెట్టెలో ఉంటే తాళం తీయించి వెతికిస్తారు.

సువర్ణభూమిలో ఇమ్మిగ్రేషన్ దాటాక ఎదురుగా దేవతలూ అసురులూ వాసుకిని పట్టుకుని క్షీరసాగరాన్ని మథిస్తున్న పెద్ద శిల్పం ఉంటుంది. ఫోటోకి పది నిమిషాలు చాలు. గేట్లు అక్కడి నుంచి దూరం, కొన్నిటికి పావుగంట పైనే నడవాలి.